ఆరున్నర నెలల పాపకు డేకేర్: బ్రూక్‌ఫీల్డ్‌లో ఇంటి దగ్గరా, బెళ్ళందూరులో ఆఫీసు దగ్గరా?

కొత్తమ్మ_బ్రూక్‌ఫీల్డ్:

నమస్తే అండి. పాపకు ఐదో నెల నడుస్తోంది. 26 వారాల మెటర్నిటీ లీవుకు మిగిలిన లీవులన్నీ అతికించుకుంటే, పాపకు ఆరున్నర నెలలు వచ్చేసరికి నేను ఆఫీసులో ఉండాలి. ఇల్లు బెంగళూరు బ్రూక్‌ఫీల్డ్‌లో. నా ఆఫీసు బెళ్ళందూరు దగ్గర రింగురోడ్డు మీద. వారానికి మూడు రోజులు వెళ్ళాలి, రెండు రోజులు ఇంటి నుంచే. మావారి ఆఫీసు ఇంటికి దగ్గర్లోని ఐటీపీఎల్ టెక్ పార్కులో, ఐదు రోజులూ వెళ్ళాలి. నెల్లూరు నుంచి మా అమ్మ వస్తుంది గానీ ఒక్క నెలే ఉండగలదు.

మూడు చోట్ల చూసొచ్చాం. ఒకటి నా ఆఫీసున్న టెక్ పార్కులోనే ఉన్న పెద్ద డేకేర్, నెలకు 24,000. పసిపిల్లల గదిలో 12 మంది పిల్లలు, ముగ్గురు ఆయాలు, యాప్, కెమెరాలు. రెండోది మా వీధిలోనే ఒకావిడ తన ఇంట్లో నడిపేది, 13,000. ఐదుగురు పిల్లలు, ఆవిడ, ఒక ఆయా. కెమెరా లేదు. మూడోది కుందలహళ్ళి గేటు దగ్గర ప్లేస్కూలుతో కలిసి ఉన్నది, మొదటి అంతస్తు, 17,000. అక్కడ "నలుగురికి ఒకరు" అన్నారు, మేం లెక్కపెట్టలేదు.

పాప పూర్తిగా తల్లిపాల మీదే ఉంది, సీసా అలవాటు లేదు. చీర ఉయ్యాల్లో తప్ప పడుకోదు. ఏం చూసి తేల్చుకోవాలి? ఏం అడగాలో తెలియక గోడల మీది బొమ్మలు చూసి వచ్చేశాం.


చింతామణి_అక్క:

గోడల మీది బొమ్మలు మనకోసం వేసినవేలే అమ్మా. ఆరు నెలల బిడ్డకు కావలసింది రోజూ అవే చేతులు. అందుకని ఎక్కడికి పోయినా మొదట అడగాల్సింది ఇది: మా పాపను చూసుకునే ఆయా ఎవరు, ఆమె ఇక్కడ చేరి ఎన్నాళ్ళైంది, ఆమె సెలవు పెట్టిన రోజు ఎవరు చూస్తారు? మేనేజరు "మా స్టాఫ్ అందరూ ట్రెయిన్డే" అని దాటేస్తే, అక్కడ ఫలానా బిడ్డకు ఫలానా ఆయా అనే పద్ధతి లేదని అర్థం. ఆర్నెల్లకోసారి ఆయాలు మారిపోయే చోట సిలబస్ ఎంత గొప్పదైనా ఈ వయసుకు పనికిరాదు.

ఇక నలుగురికి ఒకరు అనే లెక్క. మీరు చూసిన మొదటి చోటు సరిగ్గా అదే, 12 మందికి ముగ్గురు. కాగితం మీద బాగానే ఉంటుంది. రోజు ఎట్లా గడుస్తుందో వేసి చూడండి. తొమ్మిది గంటల్లో ఒక్కో బిడ్డకు నాలుగు డైపర్లు, అంటే 48 మార్పులు. తుడిచి, మార్చి, చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఒక్కోదానికి 5 నిమిషాలు, మొత్తం 4 గంటలు. బిడ్డకు మూడు పాలసీసాలు, ఒక్కోటి 15 నిమిషాలు, అదొక 9 గంటలు. రెండు పూటల ఉగ్గు, పూటకు 15 నిమిషాలు, ఇంకో 6 గంటలు. కలిపితే 19. ముగ్గురు ఆయాల చేతుల్లో ఉన్నది 27 గంటలు. వాళ్ళ భోజనం, టీ తీసేస్తే 25. అంటే ఏడ్చినప్పుడు ఎత్తుకోవడానికి, జోకొట్టడానికి ఒక్కో బిడ్డకు రోజంతా కలిపి మిగిలేది అర్ధగంట. అందులోనూ ముగ్గురూ వస్తేనే. ఒకరు రాని రోజు లెక్క 18 గంటలకు పడిపోతుంది, పని మాత్రం 19 గంటలది. అప్పుడే సీసాను దిండుకు ఆనించి బిడ్డ నోట్లో పెట్టడం, ముగ్గురిని బౌన్సర్లలో (పసిపిల్లల ఊగే కుర్చీల్లో) బెల్టు పెట్టి వరసగా కూర్చోబెట్టడం మొదలవుతుంది. ఆయాలు చెడ్డవాళ్ళయి కాదు, చేతులు చాలక. కాబట్టి ఏడాదిలోపు పిల్లలకు ముగ్గురికి ఒకరుంటే మంచిది. నలుగురు దాటితే వద్దు.

ఈ లెక్కను పెంచి చూపించే దారులు కూడా ఉన్నాయి. వంటామెను, హౌస్‌కీపింగ్ అక్కను, రిసెప్షన్‌లో కూర్చునే కోఆర్డినేటర్‌ను కలిపి చెప్తా ఉంటారు. లేదా సెంటర్ మొత్తం పిల్లల్ని మొత్తం స్టాఫ్‌తో భాగిస్తారు. మీరు పసిపిల్లల గదిలో నేల మీద కూర్చుని ఉన్నవాళ్ళను మాత్రమే లెక్కపెట్టండి. అదీ ఉదయం 11 గంటల టూర్‌లో వద్దు. మధ్యాహ్నం ఒంటిగంట, రెండు మధ్యలో ఒకసారి, అప్పుడు ఆయాలు వంతులవారీగా తింటుంటారు. సాయంత్రం 5:30 తర్వాత ఇంకోసారి, చెప్పకుండా వెళ్ళండి. ఆ టైముకు సగం స్టాఫ్ షిఫ్టు అయిపోయి, పసిపిల్లల్ని మూడేళ్ళ పిల్లలతో ఒకే గదిలో కలిపేస్తారు. పాకే బిడ్డ పక్కన పరిగెత్తే బిడ్డ, నేల మీద లెగో ముక్కలు, పూసలు, రిమోట్‌లోని బిళ్ళ బ్యాటరీ. వాటర్ బాటిల్ మూత కన్నా చిన్నది ఏది నేల మీద కనబడినా అది గొంతులోకి పోయే వస్తువే. బిళ్ళ బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికను కాల్చేస్తుంది.

"హైజీన్ కోసం పేరెంట్స్‌ను గదిలోకి రానివ్వం" అంటే చెప్పులు విప్పించి, చేతులు కడిగించి పంపమనండి. తలుపు దగ్గర నుంచి కూడా చూడనివ్వకపోతే ఆ చోటును వదిలేయండి.

మూడోదాన్ని మొదటి అంతస్తు అన్నారు. నేనైతే ఒకే ప్రశ్న అడుగుతాను: కరెంటు మీటర్లు కాలి పొగ వస్తే, నడవలేని ఎనిమిది మందిని ఇద్దరు ఆయాలు కిందికి ఎట్లా దించుతారు? చక్రాలున్న పెద్ద తొట్టిమంచం ఉంటే అందులో నలుగురిని కూర్చోబెట్టి తోసుకుపోవచ్చు, కానీ మెట్ల మీద అది దిగదు. రెండో మెట్లదారి లేకపోతే, ఉన్నా అట్టపెట్టెలు పేర్చి తాళం వేసి ఉంటే, పసిబిడ్డకు ఆ అంతస్తు వద్దు. గోడకున్న ఎర్ర సిలిండరు మీద ముల్లు పచ్చగీతలో ఉందా, రీఫిల్ తేదీ దాటిందా కూడా చూడండి. రెండు నిమిషాల పని.

ఇంట్లో నడిపేదాంట్లో ఐదుగురికి ఇద్దరు, పైకి అన్నిటికన్నా మంచి లెక్క. కానీ ఆయా రాని రోజు ఐదుగురికి ఒకరు. ఆవిడ తలుపు తీయడానికి, కుక్కర్ దించడానికి లేస్తే సున్నా. అక్కడ అడగాల్సినవి వేరే: ఆయా సెలవు పెడితే మూసేస్తారా, ఎవరినైనా పిలుస్తారా? ఆవిడకే జ్వరం వస్తే? పగలు ఆ ఇంట్లో ఇంకెవరు ఉంటారు, ఎవరు వచ్చిపోతారు? వంటింటికి గేటు ఉందా? పిల్లలు పడుకునే గదికి లోపలి గడియ ఉందా? ఇవి అడిగితే నొచ్చుకునేవాళ్ళూ ఉంటారు, పర్వాలేదు, అడగండి. కెమెరా లేకపోవడం నాకు పెద్ద లోపంగా అనిపించదు. వీధిలోనే కదా, నడిచి పోయి చూడొచ్చు.

నిద్ర సంగతి. ఏడాదిలోపు బిడ్డను వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండు లేకుండా, దుప్పటి లేకుండా పడుకోబెట్టాలి. తల గుండ్రంగా రావాలని మనవాళ్ళు పెట్టే ఆవాల దిండు కూడా వద్దు. చీర ఉయ్యాల్లో బిడ్డ వంగి, గడ్డం ఛాతీకి ఆనుకుని ఊపిరి మూసుకుపోయే ప్రమాదముంది. బోర్లాపడడం వచ్చిన బిడ్డ అందులోంచి జారుతుంది కూడా. డేకేర్‌లో ఉయ్యాల ఉండదు, ఉండకూడదు. కాబట్టి ఈ రోజు నుంచే పగటి నిద్రల్లో ఒకటి నేల పరుపు మీద మొదలుపెట్టండి. వారానికి ఒక నిద్ర చొప్పున మారిస్తే మూడు నాలుగు వారాల్లో అలవాటవుతుంది. ఇది చెయ్యకుండా పంపితే బిడ్డ పగలంతా నిద్రపోదు, సాయంత్రం మీ చేతికి వచ్చేసరికి ఒళ్ళు వాడిపోయి ఉంటుంది, "డేకేర్ పడలేదు" అనుకుంటారు.


రింగురోడ్డు_బాధితుడు:

ఇంటి దగ్గరే. కారణం మీ ప్రశ్నలోనే ఉంది. వారానికి రెండు రోజులు మీరు బ్రూక్‌ఫీల్డ్‌లోనే ఉంటారు, ఆ రెండు రోజులు టెక్ పార్కు డేకేర్‌కు ఎవరు తీసుకెళ్తారు? తీసుకెళ్ళకపోయినా ఫీజు నెలదే. మిగతా మూడు రోజులు సాయంత్రం ఆరింటికి రింగురోడ్డు మీద కారులో గంట పైన కూర్చోవాలి, వానపడితే ఎంతసేపో చెప్పలేం. వెనక్కి తిరిగి ఉండే కార్ సీటులో బెల్టు పెట్టి ఉన్న బిడ్డ అంతసేపు ఏడిస్తే మీరేం చెయ్యలేరు. ఆకలని ఒళ్ళోకి తీసుకుంటే సీటు కొన్న ప్రయోజనం పోయింది.

ఇంకోటి, జ్వరం ఫోన్. మొదటి ఏడాది ఇది తప్పదు. డేకేర్‌లన్నీ 100.4 దాటితే "గంటలోపు వచ్చి తీసుకెళ్ళండి" అంటాయి. ఆ గంటలో రాగలిగేది ఎవరు? ఐటీపీఎల్‌లో ఉన్న మీవారు. కాబట్టి ఎమర్జెన్సీ కాంటాక్టులో మొదటి పేరు నాన్నది రాయండి. వాళ్ళు అలవాటుకొద్దీ అమ్మకే ముందు ఫోన్ చేస్తారు, ఫారంలోనే గట్టిగా చెప్పాలి.


చిన్నక్షరాలు:

పైన చెప్పినదానితో సగమే ఏకీభవిస్తాను. ఏడాదిలోపు, తల్లిపాలు తాగే బిడ్డకు ఆఫీసు దగ్గర డేకేర్‌తో ఒక లాభం ఉంది, దాన్ని తోసిపారేయకండి. 2017 మెటర్నిటీ బెనిఫిట్ సవరణతో వచ్చిన నియమం ప్రకారం 50 మంది, అంతకు పైన ఉద్యోగులున్న సంస్థ క్రెష్ (ఉద్యోగుల పసిపిల్లల్ని చూసుకునే చోటు) సౌకర్యం కల్పించాలి. తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చు, మామూలు విరామం కూడా ఆ నాలుగింటిలోనే. బిడ్డకు 15 నెలలు నిండేదాకా పాలివ్వడానికి రెండు విరామాలు చట్టంలో ముందు నుంచీ ఉన్నవే. ఆ చట్టం స్థానంలో 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన 2020 సామాజిక భద్రతా కోడ్‌లోనూ అదే 50 మంది లెక్క, అవే నాలుగు సార్లు. కాబట్టి ముందు హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టండి, నోటిమాట వద్దు: "కంపెనీకి ఏ క్రెష్‌తో ఒప్పందం ఉంది, ఫీజులో కంపెనీ వాటా ఎంత, ఆఫీసుకు రాని రోజులకు ఎలా?" ఆ 24,000లో సగం కంపెనీ భరిస్తే మీ లెక్క మొత్తం మారిపోతుంది. భరించకపోతే రింగురోడ్డు గారి మాటే నాదీ. ఇంటి నుంచి పనిచేసే రోజులు పెంచుకోవడానికి కూడా చట్టంలో చోటుంది. పని స్వభావం కుదిరితే, కంపెనీ ఒప్పుకుంటే అన్న షరతుతో. మొదటి రెండు నెలలకైనా అడిగి చూడండి.

ఇప్పుడు ఫీజు. 17,000 అని చెప్పిన చోట మొదటి నెల మీ చేతి నుంచి పోయేది 17,000 కాదు. అడ్మిషన్ ఫీజు, డిపాజిట్, ఏడాది కిట్ ఛార్జీ, జీఎస్టీ కలిపో విడిగానో, భోజనం విడిగానో, ఇవన్నీ ఒక కాగితం మీద రాయించుకుని 12 నెలల మొత్తం వేసి మూడింటినీ పోల్చండి. డిపాజిట్ వెనక్కి ఇచ్చే షరతు చదవండి. నెల నోటీసు అంటారు, కానీ కొన్ని చోట్ల ఒకటో తేదీన ఇచ్చిన నోటీసే చెల్లుతుంది, ఐదున ఇస్తే వచ్చే నెలాఖరు దాకా కట్టాలి. ఫీజు ఏ నెలలో పెరుగుతుందో అడగండి. చాలా చోట్ల ఏప్రిల్‌లోనో జూన్‌లోనో పెంచుతారు, మీరు ఫిబ్రవరిలో చేరినా సరే.

లేటు ఛార్జీ దగ్గర జాగ్రత్త. 6:30 తర్వాత 15 నిమిషాలు చూసి, ఆ తర్వాత గంట లెక్కన వేస్తారా, నిమిషాల లెక్కనా? బెంగళూరు వానకాలంలో నెలకు నాలుగైదుసార్లు లేటవడం మామూలే, దాన్ని ఖర్చులో రాసుకోండి. సెలవుల పట్టిక కూడా ముందే తీసుకోండి. నవంబరు 1 రాజ్యోత్సవం, ఆయుధపూజ మీ ఆఫీసు క్యాలెండర్‌లో ఉండొచ్చు, లేకపోవచ్చు. బంద్ రోజున డేకేర్ మూసేస్తుంది, ఆఫీసు మాత్రం ఇంటి నుంచి పనిచేయమంటుంది.

పసిపిల్లల సీట్లు తక్కువ. ఒక ఆయా తీసుకోగలిగేది ముగ్గురినో నలుగురినో కాబట్టి. చేరే తేదీకి రెండు నెలల ముందు సీటు పట్టుకోండి. ఆ ముందస్తు డబ్బు మొదటి నెల ఫీజులో తగ్గుతుందో లేదో రసీదు మీద రాయించండి.

స్టాఫ్ పోలీస్ వెరిఫికేషన్ చేయించామంటారు. కర్ణాటకలో అది సేవాసింధు పోర్టల్ ద్వారా దరఖాస్తు చేసుకుంటే వస్తుంది. సర్టిఫికెట్ మీద పేరు, తేదీ ఉంటాయి. మీ గదిలోని ఆయాది, వ్యాను డ్రైవరుది చూపించమనండి. "హెడ్ ఆఫీసులో ఉంది" అనేది జవాబు కాదు. కెమెరా గురించి: లైవ్ చూపిస్తారా అన్నది చిన్న సంగతి, ఎన్ని రోజుల రికార్డింగు ఉంచుతారు, ఏదైనా జరిగితే చూపిస్తారా అన్నది పెద్ద సంగతి. నిద్రపోయే మూల ఆ కెమెరాలో పడుతోందా చూడండి. డైపర్ మార్చే చోటు మాత్రం పడకూడదు.


డోసు_లెక్క:

ఆరోగ్యం వైపు నుంచి కొన్ని.

ముందు టీకాలు. 14 వారాలవి పూర్తయ్యాయనుకుంటాను. డేకేర్‌కు పంపేముందు అడగాల్సింది ఫ్లూ టీకా. ఆరు నెలలు నిండగానే మొదటి డోసు, నాలుగు వారాల తర్వాత రెండోది. రెండోది పడ్డాక రెండు వారాలకు గానీ పూర్తి రక్షణ రాదు, కాబట్టి ఆరో నెల నిండిన రోజునే వెళ్ళండి. తొమ్మిదో నెల తట్టు టీకా ఒక్కరోజు కూడా వాయిదా వేయకండి. డేకేర్ మిగతా పిల్లల టీకా కార్డులు అడిగి తీసుకుంటుందా అన్నది కూడా అడగండి. తీసుకోని చోట మీ బిడ్డ ఒక్కతే టీకా వేయించుకుని ఏం లాభం.

మొదటి ఏడాది 8 నుంచి 12 జలుబులు మామూలు. అవి డేకేర్ తప్పు కాదు. డేకేర్ తప్పు ఎక్కడంటే, హ్యాండ్ ఫుట్ మౌత్ (చేతులు, కాళ్ళు, నోట్లో పొక్కులొచ్చే అంటురోగం) వచ్చిన బిడ్డను లోపలికి రానిచ్చినప్పుడు, వాంతులు విరేచనాలు ఒకరి నుంచి ఒకరికి పాకినప్పుడు. ఈ వైరస్‌ల మీద శానిటైజర్ జెల్ సరిగా పనిచేయదు. సబ్బుతో కడగాలి. కాబట్టి డైపర్ మార్చే బల్లకు చెయ్యి చాచినంత దూరంలో సింకు ఉండాలి, అది సీసాలు కడిగే సింకు కాకూడదు. ఒకే సింకు ఉన్న సెంటర్‌లో ఎంత తుడిచినా లాభం లేదు. ఫినాయిల్ వాసన వస్తే శుభ్రంగా ఉన్నట్టు అనుకోకండి. ఆ బల్ల, బొమ్మలు తుడవడానికి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ 20 మి.లీ. లీటరు నీళ్ళలో కలిపి, 10 నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో తుడవాలి. ఏ రోజుకారోజు కలపాలి, నిన్నటిది పనిచేయదు.

జ్వరమొచ్చిన బిడ్డను ఎప్పుడు తిరిగి తీసుకుంటారని అడగండి. సరైన జవాబు: పారాసిటమాల్ వేయకుండా 24 గంటలు జ్వరం లేకుండా ఉన్న తర్వాత. పొద్దున ఇంట్లో మందు వేసి పంపితే మధ్యాహ్నం దాకా చల్లగా ఉంటుంది, ఒంటిగంటకు మళ్ళీ కాగుతుంది, అప్పటికి గదిలో అందరికీ అంటించి ఉంటుంది. అందరు తల్లిదండ్రులూ చేసే పని ఇది, అందుకే రూలు కఠినంగా ఉన్న చోటే మంచిది. ఆ రూలు మీ మీద పడిన రోజు తిట్టుకోకండి.

ఇక నా పేరుకు తగ్గ విషయం. పారాసిటమాల్ పిల్లలకు రెండు రూపాల్లో దొరుకుతుంది. డ్రాప్స్‌లో 1 మి.లీ.కు 100 మి.గ్రా., సిరప్‌లో 5 మి.లీ.కు 120 లేదా 250 మి.గ్రా. ఏడున్నర కిలోల బిడ్డకు డాక్టరు 1.1 మి.లీ. డ్రాప్స్ రాస్తే అది సుమారు 110 మి.గ్రా. ఆయాకు సిరప్ 5 మి.లీ. అలవాటై, చేతికి అందిన డ్రాప్స్ సీసా నుంచి 5 మి.లీ. పోస్తే 500 మి.గ్రా. పడుతుంది, నాలుగు రెట్లు పైన. కాలేయానికి ప్రమాదం. అందుకని డేకేర్‌కు ఏ మందూ ఊరికే బ్యాగులో వేసి పంపవద్దు. పంపాల్సి వస్తే సీసా, దాని సిరంజి, పేరు, మి.లీ., టైము రాసిన చీటీ, మూడూ ఒకే జిప్ కవరులో. ఫోన్ చేసి అడిగాకే వేయాలని రాయండి. వేసిన టైము డైరీలో లేకపోతే మీరు ఇంటికొచ్చి మళ్ళీ వేస్తారు.

గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏం చేస్తారని ఆయానే అడగండి, మేనేజర్‌ను కాదు. బొమ్మ చేతికిచ్చి చూపించమనండి. ఏడాదిలోపు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పెట్టి, భుజాల మధ్య అరచేతి మడమతో 5 దెబ్బలు, పోకపోతే వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యలో 5 నొక్కులు. నోట్లో వేలు పెట్టి గుడ్డిగా వెతకకూడదు, ఇంకా లోపలికి పోతుంది. "కాళ్ళు పట్టి తలకిందులుగా ఊపుతాం" అని చెప్తే అక్కడ ఎవరికీ ట్రెయినింగ్ లేదు.

దోమలు. డెంగీ దోమ పగలే కుడుతుంది, డేకేర్ పిల్లలు పడుకునేదీ పగలే. కిటికీలకు జాలీ ఉందా, అది చినిగి ఉందా, బాల్కనీ మొక్కల కింద పళ్ళేల్లో నీళ్ళున్నాయా చూడండి. తలుపులన్నీ మూసి ప్లగ్ లిక్విడ్ పెట్టడం దీనికి పరిష్కారం కాదు.


కొత్తమ్మ_బ్రూక్‌ఫీల్డ్:

అందరికీ చాలా థాంక్స్ అండి. హెచ్ఆర్‌కు మెయిల్ పెట్టాను. కంపెనీ వాటా 3,000 మాత్రమేనట, అదీ రోజూ ఆఫీసుకు వచ్చేవాళ్ళకే. కాబట్టి మొదటిది పక్కన పెట్టేశాం. రెండు, మూడింటిని ఒంటిగంటకు, 5:30కు చూసొస్తాం. పాల సంగతి ఎవరైనా చెప్పండి. సీసా పెడితే నాలుకతో నెట్టేస్తోంది. మా అమ్మ ఉగ్గుగిన్నెతో పట్టమంటోంది. ఎన్ని మి.లీ. పంపాలి, ఎలా పంపాలి?


పాలలెక్క:

ముందు ఎంత. ఒకటి నుంచి ఆరు నెలల మధ్య తల్లిపాలు తాగే బిడ్డ రోజుకు తాగేది సగటున 750 మి.లీ. గంటకు సుమారు 30 మి.లీ. అన్నమాట. మీరు తొమ్మిదిన్నర గంటలు దూరంగా ఉంటే సుమారు 285. కాబట్టి 90 మి.లీ.వి మూడు, 60ది ఒకటి అదనంగా. పెద్ద సీసాలో 240 ఒకేసారి పోసి పంపకండి. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినది రెండు గంటల తర్వాత పారబోయాల్సిందే, మీ గంట పంపింగ్ డ్రెయినేజీలో పోతుంది. ఫార్ములా పిల్లలకు సీసాకు 150 పోసే అలవాటున్న ఆయా "ఈ పాపకు పాలు చాలడం లేదు" అంటుంది. కంగారు పడకండి. ఆరు తడి డైపర్లు, బరువు సరిగ్గా పెరగడం, ఇవే కొలత.

నిల్వ: పిండిన పాలు 25 డిగ్రీల లోపు గదిలో 4 గంటలు, ఫ్రిజ్‌లో 4 రోజులు, ఐస్ ప్యాకులున్న చల్లటి బ్యాగులో 24 గంటలు. మార్చి, ఏప్రిల్‌లలో బెంగళూరు గది 25 దాటుతుంది కాబట్టి ఆ నాలుగు గంటల్ని నమ్ముకోకండి, చేరగానే ఫ్రిజ్‌లో పెట్టమనండి. ఫ్రిజ్ తలుపు అరలో కాదు, లోపల వెనక వైపు. డీప్ ఫ్రీజర్‌లోది కరిగించాక ఫ్రిజ్‌లో 24 గంటల్లో వాడేయాలి, తిరిగి గడ్డకట్టించకూడదు. వేడి చేయడం అంటే గిన్నెలో వేడినీళ్ళు పోసి అందులో సీసా నిలబెట్టడం. మైక్రోవేవ్ పెడితే అక్కడక్కడ మరిగి మిగతాది చల్లగా ఉంటుంది, నాలుక కాలుతుంది. ఇది రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించమనండి.

ఫ్రీజర్ పాలకు కొందరిలో సబ్బు వాసన వస్తుంది. లైపేజ్ అనే ఎంజైము కొవ్వును విడగొట్టడం వల్ల వచ్చే వాసన అది, పాలు పాడైనట్టు కాదు. కానీ ఆయా వాసన చూసి పారబోస్తుంది, లేదా బిడ్డే తాగదు. ముందే ఇంట్లో ఒక ప్యాకెట్ వారం గడ్డకట్టించి కరిగించి చూడండి. వాసన వస్తే, ఇక మీదట పాలు గడ్డకట్టించే ముందు గిన్నె అంచున చిన్న బుడగలు వచ్చేదాకా వేడిచేసి, వెంటనే చల్లార్చి, అప్పుడు ఫ్రీజర్‌లో పెట్టండి.

సీసా వద్దనే బిడ్డ: పట్టేది మీరు కాకూడదు. మీ వాసన తగిలితే సీసా ఎందుకు ఒప్పుకుంటుంది? మీరు వేరే గదిలో కాదు, గుమ్మం బయట ఉండాలి. అమ్మమ్మో నాన్నో, మరీ ఆకలయ్యేదాకా ఆగకుండా, నిద్రమత్తులో ఉన్నప్పుడు, నెమ్మదిగా కారే పీకతో, సీసాను అడ్డంగా పట్టుకుని. పది నిమిషాల్లో తాగకపోతే ఆపేయాలి, బలవంతం చేస్తే సీసా చూడగానే ఏడుపు మొదలవుతుంది. రోజుకు ఒకసారి చాలు, రెండు మూడు వారాలు పడుతుంది.

మీ అమ్మగారి ఉగ్గుగిన్నె మంచిదే. అయితే డేకేర్‌లో 90 మి.లీ. ఉగ్గుగిన్నెతో పట్టడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు ఏ ఆయాకూ తీరదు, ఒలికింది ఎంతో లోపలికి పోయింది ఎంతో తెలియదు. ఆరున్నర నెలలకు చిన్న స్టీలు గ్లాసు అంచు నుంచి చప్పరించడం వస్తుంది, సీసా అసలు కుదరకపోతే అది నేర్పండి. వీధిలోని ఇల్లయితే ఉగ్గుగిన్నెకూ ఒప్పుకోవచ్చు, అడగండి.

ఉగ్గు, రాగిజావ, నెయ్యి వేసిన మెత్తటి పప్పన్నం ఇంటి నుంచే పంపండి. ఫ్లాస్కులో ముందు మరిగిన నీళ్ళు పోసి ఐదు నిమిషాలు ఉంచి, వంపేసి, అప్పుడు పొగలు కక్కే జావ పోస్తే మధ్యాహ్నానికి వేడిగా ఉంటుంది. గోరువెచ్చగా పోస్తే పులిసిపోతుంది. కొత్త పదార్థం ఏదైనా, ముఖ్యంగా గుడ్డు, వేరుశనగ, ముందు ఇంట్లో మూడు రోజులు పెట్టి చూశాకే డేకేర్ డబ్బాలో వేయాలి. ఏడాదిలోపు తేనె వద్దు, ఉప్పు, చక్కెర వద్దు, తాగడానికి ఆవుపాలు వద్దు. ఏడుపాపడానికి పాలలో బిస్కెట్ నానబెట్టి పెడతారు, ఇది పెట్టకూడదని మొదటి రోజే చెప్పేయండి. తాగేనీళ్ళు ట్యాంకరువా, బోరువా, క్యానువా, ఏదైనా సరే మరిగించి చల్లార్చినవే పాపకు ఇవ్వాలి.


చింతామణి_అక్క:

ఒక మాట మిగిలింది, అలవాటు చేయడం. మీ అమ్మగారి నెలను ఇంట్లో కూర్చోవడానికి కాదు, దీనికి వాడుకోండి. మీరు ఆఫీసులో చేరడానికి రెండు వారాల ముందే డేకేర్ మొదలుపెట్టండి. మొదటి రెండు రోజులు గంటసేపు, మీరో అమ్మగారో అదే గదిలో మూలన కూర్చుని. మూడో రోజు అర్ధగంట బయటికి వెళ్ళి రండి. నాలుగు, ఐదు రోజుల్లో ఒక పాలసీసా టైము దాటేలా రెండు గంటలు. రెండో వారం మొదట్లో ఒక నిద్ర కలిసేలా నాలుగు గంటలు, వారం చివరికి పూర్తి రోజు. నిద్ర కుదరకపోతే ముందుకు పోవద్దు, అక్కడే రెండు రోజులు ఆగండి. సెంటరు వాళ్ళు "మొదటి రోజే వదిలేస్తే తొందరగా అలవాటవుతుంది" అంటారు, అది వాళ్ళ సౌకర్యం. ఎనిమిదో నెల దాటాక బిడ్డకు కొత్త మొహాల భయం పెరుగుతుంది కాబట్టి మీరు ఆరున్నరకే పంపడం ఒకందుకు నయమే. దొంగచాటుగా జారుకోకుండా, "అమ్మ వస్తుంది" అని చెప్పి, ఒక్కసారే వెళ్ళిపోండి. గుమ్మం దగ్గర రెండుసార్లు వెనక్కి వస్తే ఏడుపు రెట్టింపు.

మన ఇళ్ళల్లో వాడే మాటలు ఒక కార్డు మీద రాసివ్వండి: బువ్వ, పాలు, లాల, జోజో, మీ పాపను ముద్దుగా పిలిచే పేరు. కన్నడ, తమిళ ఆయా అయినా ఆ నాలుగు మాటలు పలికితే బిడ్డ తిరిగి చూస్తుంది. కోలారు, చింతామణి, బాగేపల్లి వైపు నుంచి వచ్చిన ఆయాలు దొరికితే కార్డు కూడా అక్కర్లేదు, తెలుగులోనే జోకొడతారు.

మెడలో గొలుసు, చేతికి దిష్టిపూసలు, కాలికి మువ్వలు ఊడే రకం అయితే తీసేసి పంపండి. పూస తెగితే పక్క బిడ్డ నోట్లోకి పోతుంది. మొలతాడు ఉంచాలంటే రెండు వేళ్ళు దూరేంత వదులుగా, తాయెత్తు లేకుండా. బ్యాగులో రోజుకు ఐదు డైపర్లు, మూడు జతల బట్టలు, మురికి బట్టలకు ఒక జిప్ కవరు, అన్నిటి మీదా చెరగని పెన్నుతో పేరు. సాక్సుల మీద కూడా, ముందు పోయేవి అవే.